కెప్లరు కడపటి మజిలీ: రేగెన్స్‌బర్గు, 1630

జర్మనీ దేశమున బవేరియా మండలమునందు డాన్యూబు నది తన ప్రవాహమంతటిలోను మిక్కిలి యుత్తరమునకు వచ్చి, యచ్చటనుండి యాగ్నేయముగాఁ దిరుగు వంపుకడ రేగెన్స్‌బర్గు అను ప్రాచీననగరము కలదు. ఉత్తరపు కొండలనుండి వచ్చు రేగెన్ అను నది యీ నగరమున కెదురుగా డాన్యూబులోఁ గలియును. రోమను చక్రవర్తియగు మార్కసు ఆరీలియసు కాలమున, క్రీ. శ. 179 లో, ఇచ్చట నొక సేనాదుర్గము కట్టఁబడెను. ఆ దుర్గద్వారముపైని శిలాశాసనము నేఁటికిని నిలిచియున్నది.

ఈ పేరునుగూర్చి కొంత చెప్పవలసియున్నది. జర్మను భాషలో 'రేగెన్' అనఁగా వాన యనియు, 'బర్గు' అనఁగా కోట యనియు నర్థము. కావున నీ పేరు 'వానకోట' యని తోఁచును. రోమనుల నాఁటి పేరు 'కాస్ట్రా రెగీనా'. లాటినులో 'రెగీనా' అనఁగా రాణి. కావున నిది 'రాణిగారి దండు' అని మఱియొకరికిఁ దోఁచును. ఈ రెండును పొరపాటులే. నగరమునకుఁ బేరు వచ్చినది నదినుండి. నదికిఁ బేరు జర్మనులకంటెను రోమనులకంటెను ముందున్న ప్రాచీనజనులనుండి వచ్చినది. ధ్వనిసామ్యమునుబట్టి వ్యుత్పత్తి చెప్పుట సులభము. సులభమైనదెల్ల సత్యము కాదు. ఈ నియమము పదములకేకాక చరితములకును జెల్లునని యీ నగరమున 1630 వ సంవత్సరమున జరిగిన యొక స్వల్పవృత్తాంతమువలనఁ దెలియఁగలదు.

ఆ కాలమునకు రేగెన్స్‌బర్గు మధ్య యూరపునందలి ముఖ్యనగరములలో నొకటి. 1135 మొదలు 1146 వఱకు కట్టఁబడిన ఱాతివంతెన డాన్యూబునకడ్డముగా నుండి యుత్తరదక్షిణదేశముల వర్తకమును గలుపుచుండెను. నగరము చక్రవర్తికిఁ దప్ప మఱి యే ప్రభువునకును లోఁబడని స్వతంత్రనగరము. 1542 లో పౌరులు లూథరు మతము నవలంబించిరి. అయినను ప్రధానదేవాలయము కాథలికు బిషప్పు చేతిలోనే యుండెను. ఒకే ప్రాకారములోపల రెండు మతములును, నొకే వీథిలో రెండు పంచాంగములును సాగినవి. చక్రవర్తులు తమ సామంతులను సమావేశపఱచు సభలు పెక్కులిచ్చట జరిగెను. కావున నిచ్చటికి వచ్చువారిలో వర్తకులెందఱో, అర్జీలతో వచ్చువారును నందఱు.

అట్టివారిలో నొకఁడు యోహాన్నెస్ కెప్లరు. అతఁడు 1630 నవంబరు 2 వ తేదిని ఈ నగరమునఁ బ్రవేశించి, 15 వ తేదిని ఇచ్చటనే మృతినొందెను. ఈ పదునాలుగు దినములనుగూర్చి జనులలో వ్యాపించిన కథ యిది: లోకమునకు గ్రహగతిసూత్రముల నిచ్చిన మహానుభావుఁడు తిండిలేక, చక్రవర్తి ద్వారముకడ యాచింపవచ్చి, చలికాలమునఁ బరుల యింట బిచ్చగానివలె మరణించెను. పదునెనిమిదవ శతాబ్దమున గణితజ్ఞుఁడును కవియునైన కెస్ట్నరు ఈ భావముననే యొక చిన్న పద్యము వ్రాసెను. అది యూరపున మిగులఁ బ్రసిద్ధినొందెను. ఈ కథలో నెంత నిజమున్నదో పరిశీలించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

కెప్లరు 1571 డిసెంబరు 27 వ తేదిని వైల్ అను చిన్నపట్టణమున జన్మించెను. 1594 లో గ్రాట్సు నగరమున గణితోపాధ్యాయుఁడై, అచ్చటి యధికారుల యాజ్ఞచొప్పున సాంవత్సరికపంచాంగములను రచించెను. 1600 లో ప్రాగు నగరముచేరి టైకో బ్రాహీకి సహాయుఁడయ్యెను. మఱుసటియేఁడు టైకో మరణింపఁగా రెండవ రుడాల్ఫు చక్రవర్తి కెప్లరును ఆస్థానగణితజ్ఞునిగా నియమించెను. అంగారకుని గతిని సాధించుచున్నప్పుడు, అతని సిద్ధాంతమునకును టైకో వేధలకును ఎనిమిది కలల యంతరము కనఁబడెను. ఎనిమిది కలలనఁగా భాగమునందు ఏడవ వంతుకంటెను దక్కువ. మునుపటి సిద్ధాంతులైనచో దానిని లెక్కింపకుందురు. కెప్లరు అంతటి స్వల్పాంతరమునకై తన యేండ్ల శ్రమను వదలి, మఱల మొదటినుండి గణించి, గ్రహకక్ష్య వృత్తము కాదు దీర్ఘవృత్తమని 1609 లోఁ బ్రకటించెను. ఆ దీర్ఘవృత్తమున సూర్యుఁడుండు బిందువునకు నేఁడు పాశ్చాత్యభాషలలో వాడుచున్న 'ఫోకస్' అను సంజ్ఞయును అతఁడు 1604 లోఁ గల్పించినదే. లాటినులో దానికి ఇంటిపొయ్యి యని యర్థము. ఇంటికిఁ బొయ్యివలె గ్రహములకు సూర్యుఁడను భావము అందు స్ఫురించును. ఆ పదమును గల్పించినవానికి మాత్రము స్థిరమైన యింటిపొయ్యి లభింపలేదు.

అందులకుఁ గారణము జీతపు బాకీలు. ఆస్థానగణితజ్ఞునకు జీతము నిర్ణయింపఁబడెనుగాని కోశమునుండి సరిగా రాలేదు. రుడాల్ఫు తరువాత మత్తియాసు, మత్తియాసు తరువాత రెండవ ఫెర్డినాండు సింహాసన మెక్కిరి. ప్రతి చక్రవర్తియు కెప్లరును పదవియందు స్థిరపఱచెను. పూర్వపు బాకీని నిజమేయని యంగీకరించెను. తీర్చుటకు మాత్రము మఱియొకరి పేరు చూపెను. టైకో వేధలను ఆధారముగాఁ జేసికొని రచించిన 'రుడాల్ఫు సారణులు' అచ్చువేయుటకై ఫెర్డినాండు న్యూరెంబర్గు, మెమ్మింగెను, కెంప్టెను నగరములమీఁదికి ఆజ్ఞాపత్రముల నిచ్చెను. చిన్నవియగు రెండు నగరములు కొంత చెల్లించెను. పెద్దదియగు న్యూరెంబర్గు చెల్లింపలేదు. ఇట్లు పెరిగి పెరిగి కడపట బాకీ 11,817 ఫ్లోరినులయ్యెను.

1630 నాఁటి రాక కెప్లరునకు రేగెన్స్‌బర్గులో మొదటి రాక కాదు. 1613 లో మత్తియాసు చక్రవర్తి సభకుఁ బిలువఁబడి, గ్రెగరీ పోపు సంస్కరించిన పంచాంగమును లూథరుమతస్థులును అంగీకరింపవలెనని యచ్చట వాదించెను. తాను లూథరుమతస్థుఁడయ్యును, గణితము శుద్ధమైనప్పుడు దానిని జెప్పినవాఁడు పోపయినను గ్రహింపవచ్చునని యతని యభిప్రాయము. సభవారు వినలేదు. మఱల 1626 లో లింట్సు నగరము రైతుల తిరుగుబాటుచే ముట్టడింపఁబడి, సారణులు అచ్చువేయుచున్న ముద్రణాలయము దగ్ధమయ్యెను. కెప్లరు భార్యాపుత్రులతో పడవనెక్కి డాన్యూబుపై నెదురేఁగి, నది మంచుగట్టుటచేఁ గుటుంబమును రేగెన్స్‌బర్గున విడిచి, అచ్చులను బండిపై నెక్కించుకొని డిసెంబరు చలిలో ఉల్ము నగరమునకు ఒంటరిగాఁ బోయెను. సారణులు అచ్చటనే 1627 లో ముగిసెను. అందుచే ఈ నగరపు చలియును, ఇచ్చటి మిత్రుల యాదరమును అతనికిఁ దెలియనివి కావు.

1628 లో చక్రవర్తి యా బాకీని తన సేనాపతియగు వాలెన్‌స్టైనునకు బదలాయించెను. వాలెన్‌స్టైను జాతకఫలములయందు మిక్కిలి నమ్మకము గలవాఁడు. 1608 లోనే తన పేరు తెలుపక యన్యునిచేఁ గెప్లరు వలన జాతకము వ్రాయించుకొనియుండెను. ఇప్పుడు అతఁడు కెప్లరును తన సాగాను సంస్థానమునకు రప్పించి జీతమును, ముద్రణాలయమును ఏర్పఱచెను. సాగాను నేఁడు పోలండు దేశమునఁ జేరియున్నది. జీతము లభించెనుగాని పాతబాకీ లభింపలేదు. దానికి మాఱుగా రోస్టోకు విద్యాపీఠమున నధ్యాపకపదవి చూపఁబడెను. పదవివేఱు, బాకీవేఱు అని యెఱిఁగిన కెప్లరు దానికి వెంటనే సమ్మతింపలేదు.

ఇంతలో రాజకీయము మాఱెను. 1630 జూలై మొదలు రేగెన్స్‌బర్గున చక్రవర్తియు, చక్రవర్తి నెన్నుకొను నధికారముగల సామంతులును సమావేశమైరి. సామంతులందఱును వాలెన్‌స్టైను గర్వమునకును అతని సేనలు చేయు దోపిడికిని రోసియుండిరి. వారి యొత్తిడిచే ఆగస్టులో ఫెర్డినాండు అతనిని సేనాపత్యమునుండి తొలగింపవలసివచ్చెను. ఆ వేసవిలోనే స్వీడను రాజగు గుస్టావసు అడాల్ఫసు ససైన్యముగా ఉత్తరజర్మనీ తీరమున దిగియుండెను. సేనాపతి పడిపోయినప్పుడు, అతనిమీఁదికి వ్రాసిన ఋణపత్రమునకు విలువ యేమి? కెప్లరు ముందున్న ప్రశ్న యిది. సమాధానము చెప్పఁదగినవాఁడు మొదటి ఋణియైన చక్రవర్తి యొక్కఁడే. అతఁడు రేగెన్స్‌బర్గున నున్నాఁడు.

కావున అక్టోబరు 8 వ తేదిని కెప్లరు సాగానును విడిచెను. అప్పటికతనికి ఏఁబదియెనిమిదేండ్లు నిండినవి. ఇంట భార్యయగు సుసన్నయు, చిన్నబిడ్డలును ఉండిరి. లైప్‌జిగు మీఁదుగా వచ్చి, నవంబరు 2 వ తేదిని గుఱ్ఱముపై రేగెన్స్‌బర్గు చేరెను. గుఱ్ఱము బక్కచిక్కినదనియు, చేరినపిమ్మట దానిని రెండు ఫ్లోరినుల కమ్మెననియు చెప్పుదురు. బస తనకుఁ బరిచితుఁడగు హిల్లెబ్రాండు బిల్లీ యను వర్తకుని యింట. ఆ యిల్లున్న వీథి నేఁడు కెప్లరు పేరనే పిలువఁబడుచున్నది. ఇరువదవ శతాబ్దమున ఆ యిల్లు స్మారకగృహముగాఁ జేయఁబడెను. అతని ప్రయాణము రేగెన్స్‌బర్గుతో ముగియవలసినది కాదు. చక్రవర్తితో మాటాడి, డాన్యూబు వెంబడి లింట్సు నగరమునకుఁ బోయి, అచ్చట ఎగువ ఆస్ట్రియా సంస్థానమువారియొద్ద నున్న తన ఋణపత్రములపై వడ్డీ రాఁబట్టుకొనవలెనని యతని యుద్దేశము. అనఁగా రేగెన్స్‌బర్గు అతనికి నడుమ మజిలీ మాత్రమే.

ఆ మజిలీయే కడపటిదయ్యెను. వచ్చిన కొలఁదిదినములకే జ్వరము తగిలెను. మొదట నతఁడు దానిని లెక్కచేయలేదు. జ్వరము ముదిరి మతి తప్పుచుండఁగా వైద్యులు ఆ కాలపు పద్ధతి ననుసరించి రక్తము తీసిరి; గుణము కనఁబడలేదు. మాట పడిపోయినపిమ్మట అతఁడు చూపుడువ్రేలితో నొకసారి తన తలను, ఒకసారి యాకాశమును జూపుచుండెనని యప్పటివారి లేఖవలనఁ దెలియుచున్నది. అతని యస్వస్థత విని, నగరమును విడుచుచున్న చక్రవర్తి 25 లేక 30 డుకాటులు పంపించెను. నవంబరు 15 వ తేదిని కెప్లరు కన్నుమూసెను. సభకై వచ్చియున్న ప్రముఖులు కొందఱు వెంటనడువఁగా, ప్రాకారమునకు వెలుపల నున్న సెయింటుపీటరు శ్మశానమున నతని ఖననము చేసిరి.

ఈ మరణతిథిని కొన్ని గ్రంథములు నవంబరు 5 అనియు, కొన్ని 15 అనియు చెప్పును. ఇది లేఖకదోషము కాదు. రేగెన్స్‌బర్గు పౌరులు లూథరుమతస్థులగుటచే పాత జూలియను పంచాంగమునే వాడుచుండిరి. దానికిని గ్రెగరీ పంచాంగమునకును ఆ శతాబ్దమునఁ బది దినములు భేదము. పదునేడేండ్లకు ముందు ఆ నగరమునందే కెప్లరు ఏ సంస్కారమును గోరి వాదించెనో, దానిని జర్మనీ లూథరుమతస్థులు 1700 లోఁగాని గ్రహింపలేదు. అందువలన నతని మరణదినమే అతని యోడిన వాదమునకు నిదర్శనమైనది.

తన సమాధికై కెప్లరు తానే రెండు పాదముల లాటిను పద్యము వ్రాసికొనియుండెను. మొదటి పాదమున ఆఱు గణములును, రెండవ పాదమున అయిదు గణములును గల యా ఛందస్సు లాటినువారికి సమాధిలేఖములయందుఁ బరిపాటి. ఆ పద్యము ఱాతిపైఁ జెక్కఁబడెను. కాని 1633 నవంబరులో స్వీడను పక్షపు సేనలు రేగెన్స్‌బర్గును పట్టుకొనెను. 1634 లో చక్రవర్తి సేనలు మఱల ముట్టడించి గెలిచెను. ఆ యుద్ధములలో ప్రాకారము వెలుపలి శ్మశానము ధ్వంసమై సమాధిచిహ్నము నశించెను. ఱాయి పోయినను పద్యము మాత్రము ప్రతులలో నిలిచెను. 1808 లో ఆ ప్రదేశమునకు సమీపమున కెప్లరు విగ్రహముతో నొక చిన్న స్తంభమండపము కట్టఁబడెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కెప్లరు బిచ్చగాఁడై మరణించెనా? లింట్సునందు వడ్డీ రావలసిన ఋణపత్రములు గలవాఁడు, ఆ యేఁటివఱకు జీతముగల యుద్యోగముననున్నవాఁడు, మిత్రుని యింట వైద్యులచేఁ జికిత్సఁ బొందినవాఁడు, ప్రముఖులు వెంటనడువ ఖననము పొందినవాఁడు బిచ్చగాఁడు కాఁడు. తిండిలేమి యతని మరణమునకుఁ గారణము కాదు. చలికాలపు ప్రయాణమును, జ్వరమును గారణములు. పరుల యింట మరణించెను గావున దరిద్రుఁడనుట, 'రేగెన్' శబ్దమున్నది గావున వానకోట యనుటవంటిది.

అట్లని చక్రవర్తి నిర్దోషి కాఁడు. నిజమునకుఁ గథకంటె చరిత్రయే యతనిని గట్టిగాఁ బట్టుకొనుచున్నది. పాణినీయమున దానము పుచ్చుకొనువానికి సంప్రదానసంజ్ఞ కలదు. ఋణ మిచ్చినవాఁడగు ఉత్తమర్ణునకును ధారిధాతుయోగమున ఆ సంజ్ఞయే ప్రత్యేకసూత్రముచే విధింపఁబడినది. ఇద్దఱకును చతుర్థీవిభక్తియే వచ్చును. కాని సూత్రము వేఱుగాఁ జేయవలసివచ్చుటయే అర్థము వేఱని తెలుపుచున్నది. దానమున ఇచ్చువాని యనుగ్రహము ప్రధానము. ఋణమున రావలసినవాని హక్కు ప్రధానము. ఫెర్డినాండు పంపిన డుకాటులు రావలసిన 11,817 ఫ్లోరినులలో నూఱింట నొకటియైనను గావు. అవి దానముగా వచ్చెను. ఋణము ఋణముగానే నిలిచెను. బిచ్చగాని కథ యీ భేదమును జెఱపివేయుచున్నది. ఆ కథలో కెప్లరు యాచకుఁడును, చక్రవర్తి దాతయు నగుదురు. లెక్కలలో కెప్లరు ఉత్తమర్ణుఁడు, చక్రవర్తి అధమర్ణుఁడు. దారిద్ర్యమన్నచో నేరము దైవముపైఁ బడును. ఋణమన్నచో ఋణియొక్క పేరు చెప్పవలసియుండును. మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమును మొట్టమొదటఁ బెట్టుట యూరక కాదు.

ఆ బాకీ కెప్లరు భార్యాపుత్రులకును జేరలేదు. సుసన్న బిడ్డలతో దేశమునఁ దిరిగి, తుదకు రేగెన్స్‌బర్గుననే 1636 లో మరణించెను. కెప్లరు అల్లుఁడగు యాకోబు బార్ట్షు మామగారి యసంపూర్ణగ్రంథమగు 'సోమ్నియం' ముద్రణను సాగించుచు 1633 లో గతించెను. పిమ్మట కుమారుఁడు లుడ్విగు దానిని 1634 లోఁ బ్రకటించెను. చంద్రలోకయాత్రను వర్ణించు నా గ్రంథముపై నావఱకే రెండు మరణముల నీడ పడియుండెను. కెప్లరు చేతివ్రాతలు హెవేలియసు అను ఖగోళవేత్తకును, అటుపై హాన్షు అను పండితునకును జేరి, తాకట్టులలోఁ జిక్కి, 1773 లో రష్యారాణియగు కాథరీనుచేఁ గొనఁబడి సెయింటుపీటర్సుబర్గు చేరెను. సమగ్రరచనలు 1858 మొదలు 1871 వఱకు ఫ్రిష్ అను పండితునిచేతను, 1937 మొదలు మ్యూనికునందు క్రొత్తగాను ప్రకటింపఁబడెను. ఈ ఋణవృత్తాంతము మనకుఁ దెలియుట యీ గ్రంథపరిష్కర్తల శ్రమవలననే.

తీఱిన ఋణ మొకటి కలదు. 1631 నవంబరు 7 వ తేదిని బుధుఁడు సూర్యబింబమున కడ్డముగాఁ బోవునని కెప్లరు 1629 లో నొక చిన్నగ్రంథమునఁ బ్రకటించి, ఖగోళవేత్తలను గని పెట్టి చూడుఁడని కోరియుండెను. అంతకుముందు ఎవ్వరును గణించి కనుఁగొనని దృశ్యమది. 1630 నవంబరు 7 వ తేదిని అతఁడు రేగెన్స్‌బర్గులో నుండెను. మఱి యెనిమిది దినముల యాయువు మాత్రమే మిగిలియుండెను. సరిగా సంవత్సరమునకు, చెప్పిన దినముననే, పారిసు నగరమున గస్సెండి యను పండితుఁడు తెల్లని తెరపైఁ బడిన సూర్యబింబముమీఁద నల్లని చుక్కయై కదలు బుధునిఁ జూచెను. కెప్లరు సారణుల దోషము సుమారు పది కలలు. తక్కిన సారణుల దోషము భాగములకొలఁది.

ఆకాశము ఆ గణితమునకు గడువు తప్పక సమాధానము చెప్పెను. ఎనిమిది కలల యంతరమును సహింపక తన సిద్ధాంతమునే త్రోసిపుచ్చినవాని లెక్కలో, పదునొకండువేల యెనిమిదివందల పదునేడు ఫ్లోరినుల యంతరము మాత్రము భూమిపై నట్లే నిలిచిపోయెను. రేగెన్స్‌బర్గున అతని కడపటి మజిలీని వర్ణించువారు కరుణరసమునకై దారిద్ర్యమును గల్పింపఁబనిలేదు. ఆ యంకెను వ్రాసినఁ జాలును.